పిల్లలెందరని అడుగుతారు, కాన్పు ఎట్లయిందని అడగరు

బీపీ మిషన్ కొని తెచ్చిన రోజు ముందుగా మెడలోంచి టేపు తీసి నా జబ్బ కొలుచుకున్నాను. పదమూడున్నర అంగుళాలు. మిషన్ డబ్బా మీద చిన్న అక్షరాల్లో 22 నుంచి 32 సెంటీమీటర్లు అని ఉంది. పదమూడున్నర అంగుళాలంటే 34 సెంటీమీటర్ల పైమాటే. అంటే ఆ పట్టీ నాకు బిగుతు. బిగుతు పట్టీ చుట్టుకుని చూసుకుంటే ఉన్న బీపీ కంటే ఎక్కువ చూపిస్తుందని అప్పటికే డాక్టరమ్మ చెప్పి ఉంది. మందుల షాపుకి మళ్లీ వెళ్తే "అందరికీ అదే సైజు మేడం" అన్నాడు కౌంటర్ దగ్గర అబ్బాయి. ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతున్న మనిషితో అనాల్సిన మాటేనా అది? గట్టిగా అడిగితే పెద్ద పట్టీ తెప్పించి ఇచ్చాడు. దానికి వేరే డబ్బులు.

నాకు చిక్కడపల్లిలో ఒక సందులో చిన్న షాపు ఉంది. ఫాల్స్, పికో, జాకెట్లు, ఈ మధ్య మగ్గం వర్క్ కూడా బయట చేయించి ఇస్తున్నాను. ఇక్కడ ఎప్పుడూ రాసేది గుడ్డల గురించే. ఈసారి మాత్రం నా గుండె గురించి రాస్తున్నాను. మీలో చాలామంది నా దగ్గర కొలతలు ఇచ్చినవాళ్లే కాబట్టి మొహమాటం లేదు.

2024 ఆషాఢం. చీరల డిస్కౌంట్ల నెల, వెనకే శ్రావణం పెళ్లిళ్లు. షాపులో కాలు పెట్టే చోటు లేదు. లైనింగ్ గుడ్డ, హుక్కులు, దారాలు తేవడానికి వారానికి ఒకసారి సుల్తాన్ బజార్ వెళ్లి మెట్రోలో వచ్చేదాన్ని. ఆ నెలలో స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే సగంలో ఆగాల్సి వచ్చేది. ఆగినట్టు తెలియకూడదని ఫోన్ తీసి చూస్తున్నట్టు నటించేదాన్ని. లిఫ్ట్ ఉంది, కానీ మొన్నటిదాకా రెండు చేతులా సంచులతో ఎక్కినదాన్ని లిఫ్ట్ ఎక్కడమేంటని పట్టుదల. వీపు రెక్కల మధ్య బరువు. ఒక్కోసారి కింది దవడ లాగినట్టు ఉండేది. పొద్దస్తమానం మిషన్ మీద వంగి కూర్చుంటాను కదా, నడుము నొప్పి పైకి పాకిందనుకున్నాను. రాత్రి త్రేన్పులు కూడా వచ్చేవి. ఇక గ్యాస్ అని తేలిపోయింది, నా లెక్కలో.

దగ్గరలో ఉన్న క్లినిక్‌కి వెళ్తే డాక్టరు గారు కూడా గ్యాసే అన్నారు. ఈసీజీ తీశారు, బాగానే ఉందన్నారు. బీపీ 150/96 ఉంది. "టెన్షన్ పడ్డారమ్మా, పైగా నెలసరి ఆగే వయసు" అన్నారు. రెండు నెలలు పరగడుపున గ్యాస్ బిళ్లలు మింగాను. ఆయన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. నేను కూడా ఆయనకు సగమే చెప్పాను. మిగతా సగం నాకే గుర్తులేదు.

నా దగ్గర కుట్టించుకునే ఒక నర్సమ్మ ఉంది. జాకెట్టు ట్రయల్‌కి వచ్చి, నేను స్టూలు మీద కూర్చుని ఆయాసపడుతుంటే చూసి, "అక్కా, దవడ నొప్పి అంటున్నావు, ఇది గుండె డాక్టరుకే చూపించుకోవాల్సింది" అని వెంటబడింది. ఆమె చెప్పిన చోటికే వెళ్లాను. పెద్ద డాక్టరు దగ్గరికి పంపేముందు ఒక చిన్న డాక్టరమ్మ ఫారం నింపుతోంది. మా అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. బీపీ 168/102. పిల్లలెందరని అడిగింది. ఒక్కతే అన్నాను. తల ఎత్తకుండా ఇంకో ప్రశ్న వేసింది. "కాన్పు టైంలో బీపీ గానీ, షుగర్ గానీ వచ్చిందా? పాప నెలలు నిండి పుట్టిందా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లలో ఎన్ని ఫారాలు నింపి ఉంటాను! మోకాలి నొప్పికి, పంటికి, ఒకసారి పెద్ద ఆస్పత్రిలో ఆఫర్ పెట్టారని చేయించుకున్న మాస్టర్ హెల్త్ చెకప్‌కి కూడా. అన్నిట్లోనూ ఒకటే వరస. పిల్లలెందరు, నార్మలా ఆపరేషనా. ఆపరేషన్ ఎందుకు చేయాల్సి వచ్చిందో అడిగినవాళ్లు లేరు. నేను చెప్పలేదు, చెప్పాల్సిన సంగతని తెలియదు కాబట్టి.

2003 నవంబరు. నాకు ఇరవై ఆరు. ఎనిమిదో నెల నడుస్తోంది. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు, ఉంగరం సబ్బు పెట్టినా రావడం లేదు. కాళ్లు వాయడం ఎవరికైనా మామూలే అన్నారు. మొహం కూడా వాచింది. మా అత్తమ్మ "కళ వచ్చింది" అని మురిసిపోయింది. ఒక రాత్రి తల పగిలిపోయే నొప్పి, కళ్ల ముందు జరీ పోగులు రాలుతున్నట్టు మిణుకు మిణుకు. కుడి డొక్కలో పైన నొప్పి. మా ఆయన పక్కింటి వాళ్ల ఆటోలో ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ నర్సు పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలి, నమ్మకం లేక మళ్లీ కొట్టింది. 170/110. మూత్రం పరీక్షలో ప్రోటీన్ ఎక్కువగా పడింది.

ఆ తర్వాతది ముక్కలు ముక్కలుగా గుర్తుంది. రెండు తుంట్లకీ ఇంజెక్షన్లు, ఒళ్లంతా నిప్పులు పోసినట్టు వేడి. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం అని తర్వాత తెలిసింది. కొన్ని గంటలకోసారి ఒకరు వచ్చి చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి, కాలు ఎగురుతుందా లేదా చూసేవారు. మందు ఎక్కువైతే కాలు ఎగరదట. కాలు ఎగిరిన ప్రతిసారీ "గుడ్" అని వెళ్లిపోయేది ఆ సిస్టర్. ఇప్పటికీ ఎవరైనా గుడ్ అంటే నాకు మోకాలు గుర్తొస్తుంది. మర్నాడు ఆపరేషన్. పాప కేజీ ఏడువందల గ్రాములు. అద్దాల పెట్టెలో పదిహేను రోజులుంది. వాళ్లు నన్నూ, నా బిడ్డనీ బతికించారు, ఆ మాట ముందు చెప్పుకోవాలి.

ఇంటికి పంపేటప్పుడు బీపీ బిళ్లలు ఇచ్చారు. ఆరు వారాలకి వెళ్తే బీపీ దిగింది, బిళ్లలు ఆపమన్నారు. అత్తమ్మ "నేను చెప్పలే? కాన్పుతోని వచ్చింది, కాన్పుతోనే పోయింది బిడ్డా" అంది. నేనూ అదే అనుకున్నాను. మొన్న మొన్నటిదాకా అదే అనుకున్నాను.

ఎకో తీస్తే గుండె ఎడమ వైపు గోడ మందమైందని వచ్చింది. ఎన్నో ఏళ్లు ఎక్కువ ఒత్తిడికి ఎదురు తోసి తోసి కండ పట్టినట్టు గట్టిపడుతుందట. అంటే నాకు తెలియకుండానే బీపీ ఎప్పటినుంచో ఉంది. ట్రెడ్‌మిల్ పరీక్షలో పూడికలున్న సూచనేమీ లేదన్నారు, అదో ఊరట. మూడు నెలల షుగర్ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా షుగర్ గుమ్మంలో ఉన్నట్టట. చెడ్డ కొలెస్ట్రాల్ 156. నడుము చుట్టుకొలత నర్సు కొలవబోతే, "36 అంగుళాలు, రాసుకోండి" అన్నాను. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలట. రోజూ ఎందరి నడుములో కొలుస్తాను, ఆ లెక్కన నా కొలతల పుస్తకంలో సగం మంది జాగ్రత్త పడాలి.

పెద్ద డాక్టరమ్మ పాత కాగితాలున్నాయా అని అడిగింది. ఇంటికి వచ్చి బీరువా మొత్తం దించాను. లాకర్లో లేదు, ఫైళ్లలో లేదు. చివరికి పెళ్లి పట్టుచీర కవర్లో, పాప టీకాల కార్డుతో కలిపి నాలుగు మడతలు పెట్టి ఉంది. కలరా ఉండల వాసన. మడతల దగ్గర కాగితం బట్టలా మెత్తబడిపోయింది, ఇంకు పాలిపోయింది. ఇంగ్లీషులో గొలుసు రాత. మా అమ్మాయి బీఫార్మసీ చదువుతోంది, దానికి ఆ రాతలు అలవాటు. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చదివింది. "సివియర్ ప్రీ ఎక్లాంప్సియా. 34 వారాలు. ఎల్ఎస్‌సీఎస్." ప్రీ ఎక్లాంప్సియా అంటే గర్భంలో ప్రమాదంగా పెరిగే బీపీ జబ్బు, ఎల్ఎస్‌సీఎస్ అంటే సిజేరియన్ ఆపరేషన్. కింద నా బీపీ, దాని కింద పాప బరువు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అంటే అమ్మా, నేను పుట్టడం వల్ల నీకు ఇదంతా వచ్చిందా?" అంది.

నాకు మాట రాలేదు. మా అత్తమ్మ పక్కనే మంచం మీద ఉంది, ఎనభై దాటింది, చెవులు మాత్రం పాము చెవులు. "నీతోని రాలే, మాయతోని వచ్చింది" అంది. ఆమె ఏ మాయ అందో తెలియదు గానీ డాక్టరమ్మ చెప్పింది కూడా అక్షరాలా అదే.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. గర్భం అంటే గుండెకి పెట్టే పరీక్ష లాంటిది. ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, గుండె అంత ఎక్కువ పని చేయాలి. బిడ్డకి రక్తం అందించే మాయ గర్భసంచి గోడలోకి దిగేటప్పుడు అక్కడి రక్తనాళాలు వెడల్పు కావాలి. కొందరిలో అవి సరిగా కావు. రక్తం చాలక మాయ కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి తల్లి ఒళ్లంతా ఉన్న రక్తనాళాల లైనింగ్‌ని దెబ్బతీస్తాయి. అందుకే ఆ బీపీతో పాటు కిడ్నీ, లివర్, కళ్లు, మెదడు అన్నీ ఇబ్బంది పడతాయి.

లైనింగ్ అన్న మాట ఆమె మామూలుగా అనేసింది. నాకు మాత్రం అక్కడే మొత్తం తెలిసిపోయింది. జాకెట్టు లైనింగ్ నాసిరకం పడితే పైన పట్టు ఏళ్ల తరబడి మెరుస్తూనే ఉంటుంది. చంకలో పర్రున చిరిగే దాకా ఎవరికీ తెలియదు. మాయ పడిపోతే బీపీ దిగుతుంది, నిజమే. లైనింగ్ మాత్రం కొందరిలో మునుపటిలా కాదు. కాన్పు వల్లే ఇదంతా వచ్చిందా, లేక ముందే ఒంట్లో ఉన్న బలహీనత కాన్పులో బయటపడిందా అని అడిగితే, రెండూ ఉండొచ్చు అంది. ఎలాగైనా సరే, ముందే మోగిన గంట అది. నేను వినలేదు.

ప్రీ ఎక్లాంప్సియా వచ్చినవాళ్లకి తర్వాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం రానివాళ్లతో పోలిస్తే సుమారు రెండింతలట. గుండె బలహీనపడి ఫెయిల్ అయ్యే అవకాశం నాలుగింతలట. నాలాగా నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చినవాళ్లకి ఇంకా ఎక్కువ. మా అమ్మాయి వెతికి చెప్పిందేమంటే, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్లు 2011లోనే దీన్ని ఆడవాళ్ల గుండెజబ్బు కారణాల జాబితాలో పెట్టారు. 2018లో వచ్చిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో ప్రీ ఎక్లాంప్సియాతో పాటు దక్షిణాసియా మనుషులు కావడాన్ని కూడా ముప్పు పెంచేవాటిలో రాశారట. నాకు రెండూ ఉన్నాయి. రెండింతలు అంటే తప్పకుండా వస్తుందని కాదు, అది కూడా రాయాలి. భయపడి కూర్చోవడానికి కాదు, ఏడాదికోసారి చూపించుకోవడానికి పనికొచ్చే లెక్క ఇది.

ఇంకో సంగతి. మా అమ్మ యాభై ఆరేళ్లకి పక్షవాతంతో పోయింది. నల్గొండ దగ్గర మా ఊళ్లో ఆమెకి ఆరు కాన్పులు, అన్నీ మంత్రసాని చేతుల మీదే. మూడో కాన్పులో ఫిట్స్ వచ్చి బిడ్డ దక్కలేదు. ఊళ్లో దాన్ని గుర్రపువాతం అనేవాళ్లు. ఆ కథ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. పక్షవాతం కథా తెలుసు. ఆ రెండూ ఒకే మనిషి కథలని, ఒకే దారం కావచ్చని నాకు నలభై ఏడేళ్లు వచ్చేదాకా తట్టలేదు.

ఇప్పుడు రెండు బీపీ మందులు, రాత్రి ఒక కొలెస్ట్రాల్ బిళ్ల. రెండు బీపీ మందుల్లో ఒకటి టెల్మిసార్టాన్. గర్భంతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఆ మందు వాడకూడదు. ఇంట్లో ఒకరి బిళ్ల ఇంకొకరికి "బీపీదే కదా" అని ఇవ్వకండి. ఉప్పు రోజుకి ఐదు గ్రాములు, అంటే ఒక టీ చెంచా, కూరలోదీ పచ్చట్లోదీ అంతా కలిపి. ఆవకాయ సంగతి అడిగితే డాక్టరమ్మ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వారానికి ఒకసారి, అన్నంలో నంజుకోవడానికి ఒక ముక్క అని ఒప్పందం చేసుకున్నాం. చల్ల మిరపకాయలు పూర్తిగా మానేశాను.

పొద్దున లేచి, టీ తాగకముందే, గోడకి వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు కూర్చుంటాను. చెయ్యి కుట్టుమిషన్ బల్ల మీద, గుండె ఎత్తులో ఉంటుంది. మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకుంటాను. మాట్లాడకుండా కూర్చోవడమే అన్నిటికంటే కష్టం, మా ఆయన సరిగ్గా అప్పుడే పాలవాడి లెక్క అడుగుతాడు.

మా అమ్మాయి తన ఫోన్లో ఒక నోట్ రాసుకుంది. "అమ్మకి వచ్చింది, అమ్మమ్మకి ఫిట్స్ వచ్చాయి." తల్లికి వస్తే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువట. దానికి పెళ్లయి నెల తప్పితే మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే ఈ మాట చెప్పాలి. ముప్పున్నవాళ్లకి నాలుగో నెల దాటకముందే చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారని, దానితో ఇది వచ్చే అవకాశం తగ్గుతుందని చెప్పారు. నాకు అప్పట్లో అలా ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు దానికి పెళ్లి మాట ఎత్తితేనే కోపం, అది వేరే సంగతి.

షాపులో నేనొక అలవాటు చేసుకున్నాను. ఈ మధ్య కాన్పయినవాళ్లు ఆది జాకెట్టు తెచ్చి "ఇది పట్టడం లేదక్కా, కొత్తగా కొలవండి" అన్నప్పుడు, టేపు చుట్టూ తిప్పుతూనే అడుగుతాను. బీపీ వచ్చిందా, షుగర్ వచ్చిందా, పాప ఎన్ని కేజీలు పుట్టింది, నెలలు నిండాయా. కొలతలిచ్చేటప్పుడు ఆడవాళ్లు నిజాలే చెబుతారు, చేతులు పైకెత్తి నిలబడి ఉంటారు కదా.

పోయిన వారం ఒక అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఒకటి. మూడు నెలల బాబు, తొట్టెల ఫంక్షన్‌కి జాకెట్టు కావాలి. గర్భంలో షుగర్ వచ్చిందట, ఇన్సులిన్ కూడా తీసుకుందట. "కాన్పుతోనే పోయిందక్కా" అంది నవ్వుతూ. మా అత్తమ్మ గొంతు వినిపించింది నాకు. ఆరు నుంచి పన్నెండు వారాల్లోపు 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే పరీక్ష చేయించుకోమని చెప్పారా అంటే, చెప్పారేమో గుర్తులేదంది. బాబు టీకాలన్నీ తేదీలతో సహా నోటికొచ్చు, తన పరీక్ష గుర్తులేదు. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకి తర్వాత అసలు షుగర్ జబ్బు వచ్చే అవకాశం ఏడు నుంచి పదింతల దాకా ఉంటుందని, గుండెకి కూడా ముప్పేనని చెబితే ఆ పిల్ల మొహం చిన్నబోయింది. చెప్పకుండా ఉండాల్సిందా అనిపించింది ఒక్క క్షణం. డబ్బులు కూడా సమస్యేనంది. బస్తీ దవాఖానాలో బీపీ చూస్తారు, రక్తం తీసుకుని పరీక్షలకి పంపుతారు, ఖర్చుండదు, అక్కడ అడిగి చూడమన్నాను. బాబుకి పాలిస్తున్నావా అంటే ఇస్తున్నానంది. అది నీకూ మంచిదే అన్నాను.

కొలతల పుస్తకంలో ఆ అమ్మాయి పేజీలో ఛాతీ, నడుము, చేతి పొడవు రాశాక, కింద "షుగర్ టెస్టు" అని రాసి గీత గీశాను. జబ్బ పన్నెండు ముప్పావు. ఆమెక్కూడా పెద్ద పట్టీయే కావాలి.

ఈ రోజు పొద్దున నాది 134/82. ఇక షాపు తియ్యాలి. ఆ అమ్మాయి పదకొండింటికి ట్రయల్‌కి వస్తానంది, దవాఖానాకి వెళ్లొచ్చి వస్తానని నిన్న ఫోన్లో అంది. జాకెట్టుకి ఇంకా చేతులు తగిలించలేదు.